డ్రోన్ నేర్చుకుంటున్నారా? కెమెరా సంగతీ చూడండి

శ్రీరామనవమికి భద్రాచలంలో వీడియో తీయమని మీకో ఆర్డర్ వచ్చిందనుకోండి. డ్రోన్ గోదావరి మీదికి వెళ్లింది. కింద స్నానఘట్టం, పక్కనే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే తడికల గది. దానికి పైకప్పు లేదు. మీరు కావాలని తీయలేదు, కానీ రికార్డయింది. ఆ క్లిప్ ఏం చేస్తారు?

డ్రోన్ పైలట్ కోర్సు గురించి అడిగేవాళ్లంతా ఫీజెంత, జీతమెంత అనే అడుగుతారు. అర్హత తేలికే. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ, పరీక్ష పూర్తిచేస్తే పదేళ్లు చెల్లే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది.

2021 ఆగస్టు నాటి డ్రోన్ రూల్స్ ఎక్కడ, ఎంత ఎత్తున ఎగరేయాలో చెబుతాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. అయితే ఎస్పీ స్థాయి అధికారి ఉత్తర్వుతో ఏ ప్రాంతాన్నైనా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు. ఉత్సవాల రోజుల్లో పొద్దున్నే మ్యాప్ చూసుకోవాల్సింది అందుకే. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఏం తీయకూడదన్న దానిమీద మాత్రం ఈ రూల్స్ దాదాపు నోరెత్తవు. అదే ఏడాది మార్చిలో వచ్చిన నిబంధనల్లో వ్యక్తుల ప్రైవసీకి భంగం లేకుండానే చిత్రీకరించాలని ఉండేది. అయిదు నెలలకే అవి పోయాయి, ఆ మాటా పోయింది. సులభతరం చేయడమంటే ఇదేనా అనిపిస్తుంది.

అలాగని మిమ్మల్ని అడిగేవాళ్లు లేరనుకోవద్దు. ఒకరి మర్మభాగాలను అనుమతి లేకుండా, తెలిసి చిత్రీకరించినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఏకాంతంలో ఉన్న స్త్రీని తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా ఉంది. ఆ క్లిప్ అక్కడే తీసేయండి. ‘ఎడిటింగ్‌లో చూద్దాంలే’ అని ఫ్రెండ్‌కి పంపారో, అయిపోయారే.

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో ఇంకో చిక్కుంది. పోడు భూముల మీద తీసిన వీడియో ఎవరి చేతికైనా వెళ్లొచ్చు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రాల వంటివి ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కావు. 2023 నాటి డేటా రక్షణ చట్టమేమో, భద్రత పేరుతో ప్రభుత్వ సంస్థలకు పెద్ద మినహాయింపులే ఇచ్చింది.

కాబట్టి ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే ఫుటేజీ ఎవరిది, ఎన్నాళ్లు ఉంచుతారు, ఇంకెవరికిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఊళ్లో పెద్దమనిషి ‘ఏం తీస్తున్నవ్ బిడ్డా?’ అంటే ఆ కాగితమే చూపించొచ్చు.