కప్పులో తీపిలెక్క

తెల్లవారి హైదరాబాదు పాతనగరమందలి ఏ ఇరానీ హోటలు ముంగిట నిలిచి చూచినను, మూత బిగించిన పాత్రలో చిరకాలము మరగిన డికాక్షనును, వేరొక గిన్నెలో సన్నని సెగపై చిక్కబడిన పాలును ఒక్క కప్పులో కలిసికొనుటయు, పెద్దలు దానిని సాసరులోనికి ఒంపుకొని తీరికగా చప్పరించుటయు కనుపించును. మధుమేహము వచ్చినదను ఒక్క కారణముచే ఈ సుఖమును మనుష్యునకు శాశ్వతముగా నిషేధించుట న్యాయము కాదనియు, అందుకు అవసరమును లేదనియు నా దృఢవిశ్వాసము.

తీపి టీ రక్తమునందు చేయు పని యెట్టిదో మొదట తెలిసికొనవలెను. ద్రవములో కరిగిన చక్కెరకు నమలుట యను జాప్యము లేదు. చిన్నప్రేవులలో అది గ్లూకోజుగను, ఫ్రక్టోజుగను విడిపోగా, ఆ గ్లూకోజు శీఘ్రముగ నెత్తురున చేరును. ఆరోగ్యవంతుని క్లోమగ్రంథి తక్షణమే ఇన్సులినును స్రవించి ఆ పొంగు నణచును గాని, మధుమేహికి అది చాలకయో, ఉండియు సరిగా పనిచేయకయో, పెరిగిన చక్కెర చాలసేపు దిగిరాదు. పాలలోని మాంసకృత్తులును, క్రొవ్వును ఈ వేగమును కొంత మందగింపజేయునుగాని, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజు సహజముగనే యుండునని మరువరాదు.

ఒక చెంచా చక్కెర యించుమించు 5 గ్రాములు. కప్పునకు రెండు చెంచాల చొప్పున దినమునకు నాలుగు కప్పులు త్రాగువాడు టీ రూపముననే 40 గ్రాములు పుచ్చుకొనుచున్నాడు. విడిగా చేర్చుకొను చక్కెరలు దినమునకు సుమారు 25 గ్రాములకు లోబడియుండుట మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించెను. ఇక టీలో ముంచుకొను ఉస్మానియా బిస్కట్ల మైదాయు, చక్కెరయు ఈ లెక్కకు అదనము.

"బెల్లంతో పెట్టుకుంటే దోషమేముందిరా?" అని మధుమేహము గల మా అమ్మ అడిగినది. బెల్లమునందును అధికభాగము చక్కెరయే యని చెప్పి, మేము వేరొక మార్గమును అవలంబించితిమి. పక్షమునకు పావు చెంచా వంతున తగ్గించుచు, రెండు చెంచాలను మూడు మాసములలో అరచెంచాకు దింపితిమి. తగ్గిన తీపికి బదులుగా దంచిన అల్లమును, ఏలకిపొడియు చేర్చితిమి. పెద్ద కప్పు చిన్న గ్లాసైనది, నాలుగుమారులు రెండుమారులైనవి. నాలుక మెల్లగా మరలెను. ఇపుడు పూర్వపు టీ యిచ్చినచో అమ్మ "ఇది పానకం" అని ప్రక్కన పెట్టును.

ఒకే గ్లాసు టీ అందరి రక్తమునందును ఒకే తీరున పనిచేయదు. త్రాగుటకు ముందును, రెండు గంటల పిదపను గ్లూకోమీటరుతో కొన్నినాళ్లు చూచి వ్రాసికొన్నచో ఎవరి హద్దు వారికి తెలియును. ఆ కాగితమును వైద్యునకు చూపవలెనే గాని, మందు మోతాదును స్వయముగ మార్చుకొనరాదు. ఇన్సులిను వాడువారికి రక్తములోని చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాముల దిగువకు జారినపుడు మాత్రము ఈ మితము వర్తింపదు. టీ కాగునందాక ఆగక, మూడు చెంచాల చక్కెరను నీట కలిపి వెంటనే త్రాగవలెను.

సాయంకాలము అరుగుపై కూర్చుండి, అల్లము ఘుమఘుమలాడు చిన్నగ్లాసును రెండు చేతుల నడుమ పట్టుకొని అమ్మ త్రాగుచుండగా చూచినపుడెల్ల, మితమునకు ఇంత రుచి గలదాయని నాకు తోచుచుండును.