ముక్కు దిబ్బడే కదా అనుకోవద్దు!

ముక్కు దిబ్బడ మనకసలు జబ్బే కాదు. ఇంత అమృతాంజనం రాసి ఆవిరి పడితే సరి! నాకూ మూడు నెలలు సైనస్ మందులే ఇచ్చారు. కానీ దిబ్బడ ఎప్పుడూ కుడివైపే. చీదితే నెత్తురు చారలు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు.

ఇ.ఎన్.టి. డాక్టరమ్మ గొట్టంతో చూసి, ముక్కు వెనక, కొండనాలుక పైభాగాన పుండుందని ముక్క తీసి పరీక్షకు పంపారు. 'చచ్చిన కండ తప్ప ఏమీ లేద'ని రిపోర్టు! అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్కోసారి జబ్బు రక్తనాళాల్ని తినేసి చుట్టూ కండని చంపేస్తుందమ్మా. బతికున్న చోటినుంచి మళ్లీ తీయాలి" అన్నారు. రెండోసారి తీస్తే బయటపడింది... ఎన్‌కె/టి సెల్ లింఫోమా.

లింఫోమా అంటే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. ఈ రకం చైనా, జపాన్, కొరియా, మెక్సికో, పెరూల్లో ఎక్కువ. మన దగ్గర అరుదు. కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆనవాళ్లు వెతికి నిర్ధారిస్తారు. 1964లో కనుగొన్న వైరస్ ఇది.

వైరస్ అనగానే...

ఇంట్లో నా కంచం, గ్లాసు వేరైపోయాయి. బాబును దగ్గరికి రానివ్వలేదు. జబ్బుకన్నా అదే ఎక్కువ ఏడిపించింది. మావారు అత్తయ్యగారిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. "ఈ వైరస్ పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఉంటుందండీ. మీకూ నాకూ ఉండే ఉంటుంది. ఎంగిలితో వైరస్ అంటుతుంది గానీ క్యాన్సర్ అంటదు" అని ఆవిడ చెప్పాక, అత్తయ్యగారే అన్నం కలిపి పెట్టారు.

వైద్యం ఇలా

జబ్బు ముక్కు దగ్గరే ఉందని పెట్ స్కాన్‌లో తేలింది. మామూలు లింఫోమాకిచ్చే మందుల్లో కొన్నింటిని ఈ కణాలు బయటికి నెట్టేస్తాయట! అందుకే ఆస్పరాజినేజ్ కలిపిన కీమోథెరపీ, దాంతోపాటు రేడియేషన్ ఇచ్చారు. ఆస్పరాజిన్ అనే పోషకాన్ని ఈ కణాలు సరిగా తయారుచేసుకోలేవు. మందు రక్తంలో అది లేకుండా చేసి వాటిని మాడుస్తుంది. రేడియేషన్‌కి నోరు పూసి గంజి కూడా దిగేది కాదు. రక్తంలో వైరస్ డి.ఎన్.ఎ. ఎంతుందో చూసి మందు పనితీరు గమనించేవారు.

ఇప్పటికి రెండేళ్లు. మళ్లీ రాలేదు. పరీక్షలకు మాత్రం తప్పకుండా వెళ్తున్నాను.

ప్రతి దిబ్బడా క్యాన్సర్ కాదు, భయపడకండి. అయితే ఒకవైపే మూసుకుపోయి, నెత్తురు పడుతూ, మందులకు తగ్గకపోతే ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించుకోండి. ముక్క పరీక్ష మళ్లీ చేయాలంటే 'ఒకసారి చేశారుగా' అని మానేయకండి. నన్ను బతికించింది ఆ రెండో పరీక్షే!