బాలింత కాఫీ తాగొచ్చా?

ఇంట్లో బాలింత ఉంటే తలా ఒక మాట చెబుతారు. "కాఫీ తాగకు, పాలు ఎండిపోతాయి" అంటుంది అత్త. "వేడి వేడిగా కాఫీ తాగమ్మా, పాలు బాగా పడతాయి" అంటుంది పక్కింటి పెద్దమ్మ. ఎవరి మాట వినాలి?

రెండు మాటలూ నిజం కాదు. ఒక గ్లాసు కాఫీకి పాలు ఎండిపోవు. కాఫీతో పాలు పెరగవు కూడా. బిడ్డ ఎన్ని ఎక్కువసార్లు రొమ్ము చీకితే పాలు అంత బాగా పడతాయి.

కాఫీలో ఏముంది?

కాఫీలో కెఫీన్ అనే పదార్థం ఉంటుంది. అది నిద్ర పట్టనివ్వదు. అందుకే కాఫీ తాగితే హుషారుగా ఉంటుంది. టీలోనూ, నల్లగా ఉండే కోలా కూల్‌డ్రింకుల్లోనూ కెఫీన్ ఉంటుంది. కాఫీ మానేసి నాలుగుసార్లు టీ తాగితే లాభం లేదు. అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి.

బిడ్డకు ఎలా చేరుతుంది?

కెఫీన్ తల్లి రక్తంలో కలుస్తుంది. అందులో కొద్దిగా పాలలోకి వస్తుంది. తాగిన గంట, రెండు గంటలకు పాలలో ఎక్కువగా ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో నుంచి సగం కెఫీన్ పోవడానికి సుమారు 5 గంటలు చాలు. అప్పుడే పుట్టిన బిడ్డకు 3, 4 రోజులు పడుతుంది. అందుకే తల్లి ఎక్కువ కాఫీ తాగితే కొందరు బిడ్డలు సరిగా నిద్రపోరు. చిరాకు పడతారు. అప్పుడు కాఫీ, టీ తగ్గించి కొన్ని రోజులు చూడాలి. బిడ్డ పాలు తాగకపోయినా, జ్వరం వచ్చినా కాఫీ వల్లే అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంత తాగాలి? ఎప్పుడు తాగాలి?

కాఫీ, టీ కలిపి రోజుకు 2 చిన్న గ్లాసులు తాగితే భయం లేదు. ముందు బిడ్డకు పాలిచ్చి, ఆ తర్వాత కాఫీ తాగడం మంచిది. బిడ్డ నెలలు నిండకుండా పుడితే డాక్టరును అడిగి తాగాలి.

కాఫీ అన్నం కాదు

అసలు నష్టం ఇంకొకటి ఉంది. చాలామంది ఆడవాళ్లు పొద్దున్నే కాఫీ తాగి పనిలో పడతారు. ఇంట్లో అందరూ తిన్నాకే తింటారు. కాఫీ ఆకలిని చంపుతుంది. బలం మాత్రం ఇవ్వదు. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు తినాలి. పథ్యం పేరుతో కడుపు మాడ్చుకోకూడదు.

అన్నంతోపాటు కాఫీ, టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తగ్గుతుంది. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొక ఐరన్ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రను కాఫీతో మింగకూడదు. నీళ్లతో మింగాలి. మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం గంట తేడా ఉండాలి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ తింటే ఇనుము బాగా పడుతుంది.

బిడ్డ నోట్లో మాత్రం ఒక్క చుక్క కాఫీ కూడా పోయకూడదు. 6 నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు.

చర్చించండి

1. మీ ఇంట్లో బాలింతకు ఏవి పెట్టరు? ఎందుకు?
2. మీరు పొద్దున కాఫీ తాగాక ఎంతసేపటికి అన్నం తింటారు?