పాత రేకులు దించేటప్పుడు

మన రాజాం చుట్టుపక్కల పాత ఇళ్ళ మీద కనిపించే బూడిదరంగు సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తెలుగులో దీన్ని రాతినార అంటారు. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులుండేవి. నిప్పుకు కాలదు, వానకు చివకదు, పైగా చవక. అందుకే అంత వాడకం.

రేకు బాగున్నంతకాలం పెద్ద భయం లేదు. పగిలినా, కోసినా కంటికి కనిపించని నార గాలిలోకి లేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లాలో రేకుల కప్పులెన్నో ఎగిరిపోయాయి. ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్‌బెస్టోసిస్, కాన్సర్ వంటివి 20, 30 ఏళ్ళ తర్వాత బయటపడవచ్చు. అందుకే ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్ళు ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరి పాత ఇళ్ళు విప్పే కూలీకి రికార్డేదీ? మనలో ఎందరి నాన్నలో చేసేది ఆ పనే.

ముందు రేకులను నీళ్ళతో బాగా తడపాలి. పాత రేకు మీద కాలు పెట్టరాదు, విరిగి కిందపడతారు. బోల్టులు విప్పి, ముక్క కాకుండా నెమ్మదిగా దించాలి; పైనుంచి విసరకూడదు. మూతికి తువ్వాలు చుడితే చాలదు, ఎఫ్.ఎఫ్.పి.3 రకం మాస్కు కావాలి. పొడి చీపురు పట్టకూడదు. ముక్కలను తడిపి, మందపాటి పాలిథీన్‌లో రెండు పొరలుగా చుట్టి, ఎక్కడ వేయాలో మునిసిపాలిటీ వారిని అడగాలి. గోతులు పూడ్చడానికో, గెడ్డలోకో కాదు.

పనిబట్టలు దులపకుండా తడిపి, విడిగా ఉతకాలి. విదేశాల్లో ఫ్యాక్టరీ గుమ్మం తొక్కని ఇల్లాళ్ళకు కూడా భర్త బట్టల దుమ్ముతోనే ఈ జబ్బులొచ్చాయి.