లింగ్విస్టిక్స్ చదివితే జీతం ఎంత? అప్పు ఎంత? లెక్క వేసి చూద్దాం

ఈ మధ్య డిగ్రీ ఫైనల్ ఇయర్ వాళ్ళు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, నాకు భాషలంటే ఇష్టం, ఎంఏ లింగ్విస్టిక్స్ చేద్దామనుకుంటున్నా. ఇంట్లో ఒప్పుకోవట్లేదు. జాబ్స్ ఉంటాయా?" నేను బీటెక్ వాణ్ణి, కోడ్ రాసి బతికినవాణ్ణి. అందుకే దీన్ని ఇష్టం, ప్యాషన్ అనే వైపు నుంచి కాకుండా డబ్బు వైపు నుంచి చూద్దాం.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. లింగ్విస్టిక్స్ అంటే పది భాషలు నేర్చుకోవడం కాదు, భాష ఎలా పనిచేస్తుందో చదవడం. "చేయించుకోలేకపోయాను" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం. అందులో చేయడం ఉంది, వేరేవాళ్ళతో చేయించడం ఉంది, అది మన కోసమే అన్న అర్థం ఉంది, కుదరలేదన్న సంగతి ఉంది, ఎవరు అన్నదీ ఉంది. ఇంగ్లిష్‌లో దీనికి ఒక వాక్యం కావాలి. ఈ ముక్కల్ని విడదీసి రూల్స్ రాసే పని అన్నమాట. ఫోన్‌లో మీరు తెలుగులో మాట్లాడితే టైప్ అవుతోందంటే, దాని వెనక ఇలాంటి పని చాలా ఉంది.

మన దగ్గర ఈ సబ్జెక్టు కొత్తదేం కాదు. ఉస్మానియాలో 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తి గారు లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టారు. తర్వాత ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఇవాళ ఆ రెండు చోట్లా, ఇఫ్లూలోనూ ఈ కోర్సులున్నాయి. చాలాచోట్ల ఏ డిగ్రీ చేసినా అప్లై చేయొచ్చు.

ఇక డబ్బు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఏ ఫీజు బీటెక్ ఫీజుతో పోలిస్తే నామమాత్రం. హాస్టల్, మెస్‌తో కలిపినా, సొంతంగా ఏదైనా ట్యూషన్ చెప్పుకుంటే చాలామందికి లోన్ అవసరమే రాదు. అంటే ఇక్కడ మీరు పెట్టేది డబ్బు కాదు, రెండేళ్ళ టైమ్.

ఆ టైమ్‌కి ఏం వస్తుంది? ఇంట్లోవాళ్ళకి తెలియని పేరు ఒకటుంది: జేఆర్ఎఫ్. యూజీసీ నెట్‌లో మంచి ర్యాంకు వస్తే ఇచ్చే ఫెలోషిప్. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత మూడేళ్ళు 42,000, హెచ్ఆర్ఏ వేరే. లెక్క వేయండి: మొదటి రెండేళ్ళకి 8.88 లక్షలు, తర్వాత మూడేళ్ళకి 15.12 లక్షలు. మొత్తం సరిగ్గా 24 లక్షలు. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్‌కి మూడున్నర లక్షల ప్యాకేజీ ఇస్తే ఊరంతా స్వీట్లు పంచుతాం కదా, ఇక్కడ మొదటి ఏడాదే 4.44 లక్షలు.

ఆగండి, వెంటనే గ్రూప్‌లో షేర్ చేయకండి. నెట్ రాసినవాళ్ళలో జేఆర్ఎఫ్ వచ్చేది కొద్దిమందికే. వచ్చినా పీహెచ్‌డీ సీటు దొరికాకే డబ్బు మొదలవుతుంది. జనరల్ కేటగిరీలో 30 ఏళ్ళ వయసు పరిమితి ఉంది. పైగా డబ్బు ఒకటో తారీకున జీతంలా పడుతుందని ఈఎంఐలు పెట్టుకోవద్దు, నెలలు ఆలస్యమైన సందర్భాలున్నాయి. పీహెచ్‌డీ అయ్యాక అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700, మంచి జీతమే. కానీ పర్మనెంట్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరి చేతిలోనూ లేదు, మధ్యలో గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్ళు గడిచిపోవచ్చు. ఇంకోటి, ఇంటర్‌లో లింగ్విస్టిక్స్ సబ్జెక్టే లేదు కాబట్టి జేఎల్ పోస్టు కూడా ఉండదు. తెలుగు లెక్చరర్ అవుదామని ఈ ఎంఏ చేస్తే తప్పు బస్సెక్కినట్టే, దానికి ఎంఏ తెలుగు కావాలి. స్పీచ్ థెరపిస్ట్ కూడా ఇదే కోర్సు అనుకుంటారు, కాదు. దానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న వేరే డిగ్రీ ఉంది.

మరి ఏఐ కంపెనీలు? నేను కంపెనీలో ఉన్నప్పుడు దగ్గర్నుంచి చూశా. తెలుగు డేటాకి లేబుల్స్ పెట్టేవాళ్ళు, ఉచ్చారణ సరిచూసేవాళ్ళు మాతోనే కూర్చునేవాళ్ళు. కానీ వాళ్ళ ఐడీ కార్డు రంగు వేరు, వెండర్ కాంట్రాక్ట్. ప్రాజెక్ట్ అయిపోతే సీటు ఖాళీ. అదే భాషాశాస్త్రం తెలిసి, పైథాన్‌లో నాలుగు స్క్రిప్టులు రాయగలిగి, స్టాటిస్టిక్స్ అర్థమైన అమ్మాయి ఒకరు ఏడాదిలో ఇంజనీర్ల వైపుకి మారిపోయింది. ఐఐఐటీ హైదరాబాద్‌లో ఐదేళ్ళ డ్యూయల్ డిగ్రీ ఉంది, బీటెక్ కంప్యూటర్ సైన్స్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎంఎస్. ఫీజు లక్షల్లోనే, కానీ చేతిలో బీటెక్ కూడా ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, మార్కెట్ జీతం ఇచ్చేది ఆ పక్కనున్న స్కిల్‌కి. లింగ్విస్టిక్స్ మిమ్మల్ని ఆ గుంపులో వేరుగా నిలబెడుతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటు: అప్పు చేసి అమెరికాలో మాస్టర్స్. 30 లక్షల లోన్, 11 శాతం వడ్డీ అనుకుందాం. రెండేళ్ళ కోర్సు, ఆపైన ఆరు నెలలు కట్టక్కర్లేదు అంటారు. కట్టక్కర్లేదు అంతే, వడ్డీ ఆగదు. మొత్తం మొదట్లోనే తీసుకుంటే రెండున్నరేళ్ళలో 8.25 లక్షలు పెరిగి అప్పు 38.25 లక్షలవుతుంది. సెమిస్టర్ వారీగా తీసుకుంటే కొంచెం తగ్గుతుంది. పదేళ్ళ ఈఎంఐ దాదాపు 52,700. మొత్తం కట్టేది 63 లక్షల పైనే. డాలర్లలో జీతం వస్తే పర్లేదు. రాకుండా ఇండియాకి వచ్చేస్తే? 57,700 బేసిక్ ఉన్న ప్రొఫెసర్ ఉద్యోగం దొరికినా పెద్ద భాగం బ్యాంకుకే. అంత పెద్ద లోన్‌కి బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. అంటే కాగితాల మీద నాన్న సంతకం, ఊళ్ళో ఇల్లు కూడా ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలా పెద్ద తేడా తెస్తుంది. చదువయ్యాక అమెరికాలో పని చేయడానికి ఓపీటీ 12 నెలలు. కోర్సు స్టెమ్ లిస్టులో ఉంటే ఇంకో 24 నెలలు. కోర్సు పేరు చూసి ఊహించుకోవద్దు. దాని సీఐపీ కోడ్ ఏంటని యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, ఆ కోడ్‌ని ప్రభుత్వ లిస్టులో మీరే చూడండి. కన్సల్టెన్సీ మాట నమ్మి సంతకం పెట్టొద్దు. ఒక ఏడాదిలో 63 లక్షల లెక్క తేలదు.

రీసెర్చే కావాలంటే అమెరికాలో నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. చాలా యూనివర్సిటీల్లో ఫీజు వాళ్ళే భరించి స్టైపెండ్ ఇస్తారు. సీట్లు తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది, కానీ అప్పు ఉండదు. జర్మనీలో ట్యూబింగెన్‌లో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ మాస్టర్స్ ఉంది, మనలాంటి విదేశీయులకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు. ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో పెట్టాల్సిన డబ్బు వేరే, కానీ అది ఫీజు కాదు, నెలనెలా మీ ఖర్చుకే తిరిగొస్తుంది.

సో, ఇంట్లో కూర్చుని మాట్లాడేటప్పుడు "జాబ్ వస్తుందా రాదా" అని మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద మూడు అంకెలు రాసి చూపించండి: అప్పు ఎంత, ఈఎంఐ ఎంత, అనుకున్న ఉద్యోగం రాకపోతే ఇండియాలో ఆ డిగ్రీకి వచ్చే జీతం ఎంత. ఈఎంఐ ఆ జీతంలో మూడో వంతు దాటితే నేనైతే ఆ లోన్ తీసుకోను.

వచ్చే ఎపిసోడ్‌లో ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్‌ని లైన్ బై లైన్ చదువుదాం. మీ దగ్గర ఉంటే పక్కన పెట్టుకుని చూడండి. ఉంటా మరి.