వాననీటికి ఒక పాదు

చెన్నైలో ఏటా సగటున 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసేదే. 2015 డిసెంబరులో ఇళ్ళు మునిగిన ఈ ఊరే 2019 వేసవిలో బిందెడు నీళ్ళకు లారీల కోసం కాచుకుంది. జమ పడిన రోజే అంతా ఖర్చు రాసేస్తే నిల్వ ఎక్కడ మిగులుతుంది?

మన పెద్దల కాలంలో పెరడంటే మట్టి నేలే. ఇప్పుడు బురద బెడద అని వాకిలి నుంచి ప్రహరీ దాకా సిమెంటు చేయిస్తున్నాం. పడిన నీరు ఇంకే దారి లేక వీధిలోకి, పల్లంలో ఉన్న పొరుగింటిలోకి పోతోంది.

కాస్త లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా సుమారు 93 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడేది 4650 లీటర్లు!

ఉపాయం కొత్తదేమీ కాదు. కొబ్బరిచెట్టుకు పాదు చేసినట్టే, డాబా గొట్టం నీళ్ళకు ఒక పెద్ద పాదు చేయాలి. పునాదికి పది అడుగుల ఎడంగా, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా, పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అర అడుగు లోతున తవ్వి, అడుగు సమం చేసి, పల్లం వైపు గట్టు వేయాలి. ఒక్క విడతలో 1400 లీటర్లు పడతాయి. ఇంకేకొద్దీ మళ్ళీ చోటు దొరుకుతుంది. పొర్లే నీటికి ఇంకుడు గుంత వైపు దారి చూపాలి. 2003లో తమిళనాడు ప్రభుత్వం వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు తవ్వించిన గుంత ఉంటే, పూడిక తీయిస్తే చాలు.

ముందుగా అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి చూడండి. బీసెంట్ నగర్ వంటి తీరపు ఇసుక నేలల్లో త్వరగానే ఇంకుతాయి. బంకమట్టి అయితే ఇసుక, ఆకు ఎరువు కలపాలి. అప్పటికీ రెండు రోజులు నిలిస్తే అక్కడ పాదు వద్దు. దోమ గుడ్డుకు రెక్కలు రావడానికి వారం చాలు.

పాదు మధ్యలో మెట్టతామర, వట్టివేరు నాటండి. వట్టివేరు నాలుగు రోజుల ముంపునూ, మే నెల ఎండనూ ఓర్చుకుంటుంది. దాని వేళ్ళు నిలువునా దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. తులసి, కరివేపాకు నీరు నిలిస్తే కుళ్ళిపోతాయి కనుక వాటి చోటు గట్టు మీదే.

2015 నాటి వరదను ఈ పాదు ఆపలేదు. మామూలు వానను మాత్రం మన ఇంటికీ, పొరుగింటికీ చేటు కాకుండా చూస్తుంది. దసరా సెలవుల్లో పిల్లలతో కలిసి తవ్వితే ఈశాన్య రుతుపవనాల నాటికి సిద్ధమవుతుంది.