తట్టు టీకా: తొమ్మిదో నెలా, పన్నెండో నెలా?

మా ఇంట్లో ఈ తగువు 2022 డిసెంబర్లో మొదలైంది. షార్జాలో మా పాపకి అప్పుడు తొమ్మిది నెలలు నిండాయి. "ఇంకా తట్టు సూది వేయించలేదా బాబూ? ఇక్కడ తొమ్మిది నిండగానే వేసేస్తున్నారు కదా!" అని విజయవాడ నుంచి మా అత్తగారి ఫోను. ఆవిడ కంగారు ఊరికే కాదు. ఆ చలికాలం ముంబైలో తట్టు ప్రబలి పసిపిల్లలు చనిపోయారు. మేమేమో సంక్రాంతికి ఇండియా వెళ్ళాలి. ఎమిరేట్స్ పట్టికలో చూస్తే ఈ టీకా పన్నెండో నెలలో ఒకటి, పద్దెనిమిదో నెలలో ఒకటి.

జబ్బు ఒక్కటే అయినప్పుడు రెండు దేశాల్లో రెండు లెక్కలేమిటి? జవాబు మా ఆవిడ రక్తంలో ఉంది. చిన్నప్పుడు ఆవిడకి తట్టు పోస్తే అమ్మవారని వేపాకులు పరిచి పడుకోబెట్టారట. అప్పుడు తయారైన యాంటీబాడీలు ఇన్నేళ్ళ తర్వాత, కడుపులో ఉండగానే మాయ ద్వారా పాపకి చేరాయి. పుట్టిన మొదటి నెలల్లో బిడ్డకి కాపలా అవే. చిక్కేమిటంటే, ఆ కాపలావాళ్ళకి అసలు వైరస్‌కీ టీకాలో ఉన్న బలహీనపరచిన వైరస్‌కీ తేడా తెలియదు. రెండింటినీ పట్టేసుకుంటాయి.

అలా పట్టుకున్నప్పుడు జరిగేది ఇదీ. కొత్త యాంటీబాడీలు తయారు చెయ్యాల్సిన బి కణాలు వైరస్ పైనున్న గుర్తుల్ని చూసి మేలుకుంటాయి. బెజవాడ గోడ మీద పాత పోస్టరుని కొత్త సినిమా పోస్టరు కప్పేసినట్టు, అమ్మ యాంటీబాడీలు ఆ గుర్తుల్ని కప్పేస్తాయి. పైగా యాంటీబాడీ తోక బి కణం మీద ఉండే ఒక గ్రాహకాన్ని తాకితే "ఇక చాలు" అనే సంకేతం కూడా వెళుతుంది. టి కణాలకు మాత్రం ఈ అడ్డు అంతగా ఉండదు. అవి వైరస్‌ని ముక్కలు చేశాకే చూస్తాయి కాబట్టి, అమ్మ యాంటీబాడీలున్న పసివాళ్ళలో కూడా టీకాకి స్పందిస్తాయి.

నెలలు గడిచేకొద్దీ అమ్మ యాంటీబాడీలు తరిగిపోతాయి. అందుకే తొమ్మిదో నెలలో వేస్తే సుమారు 85 శాతం పిల్లల్లో పనిచేసే టీకా, పన్నెండో నెలలో 95 శాతం మందిలో పనిచేస్తుంది. తట్టు ఎక్కువగా తిరిగే చోట ఆ పది శాతం కోసం మూడు నెలలు ఆగడం ప్రమాదం. తక్కువగా ఉన్న చోట ఆగొచ్చు. అంటే అత్తగారి లెక్కా తప్పు కాదు, షార్జా లెక్కా తప్పు కాదు. (ఇంట్లో ఈ మాట పైకి అనడానికి నాకు రెండు రోజులు పట్టింది.)

ఇదే ప్రశ్న 2021లో ఇంకో రూపంలో విన్నాను. 2020 జులైలో అబుదాబిలో సైనోఫార్మ్ టీకా ప్రయోగాలు మొదలయ్యాయి, డిసెంబర్లో అనుమతి వచ్చింది. 2021 మేలో, రెండో డోసు తర్వాత ఆరు నెలలు దాటినవాళ్ళకి మూడోది ఇస్తామన్నారు. ముసఫ్ఫాలో పనిచేసే మా మిత్రుడు యాంటీబాడీ టెస్టు కాగితం చూపించి, "ఇన్ని ఉన్నాయి కదా గురూ, ఇంకోటి ఎందుకు?" అన్నాడు.

అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. 2023లో నేచర్ పత్రికలో అచ్చయిన రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ పరిశోధన చదివాక కొంత అర్థమైంది. ముందుగా కోవిడ్ మీద రెడీమేడ్ యాంటీబాడీలు ఎక్కించుకుని, తర్వాత ఎంఆర్ఎన్ఏ టీకా వేయించుకున్నవాళ్ళని పరిశీలించారు. టీకా వృథా కాలేదు. కానీ వాళ్ళలో తయారైన జ్ఞాపక బి కణాల తీరు మారింది. మూతపడ్డ చోట్లని వదిలి వైరస్‌పై వేరే చోట్ల మీదికి మళ్ళాయి. వాటిలో గట్టిగా అతుక్కోనివి కూడా ఎక్కువే. అంటే పాత యాంటీబాడీలు టీకాని ఆపడమే కాదు, ఏ కణాలకి అవకాశం దొరకాలో కూడా కొంతవరకు అవే తేలుస్తున్నాయన్నమాట. డోసుల మధ్య నెలల ఎడం ఉంటే పాతవి తగ్గి, జ్ఞాపక కణాలు పదును తేలి, తర్వాతి డోసుకి బాగా స్పందిస్తాయి.

మా పాప సంగతికొస్తే, డాక్టరుగారు ప్రయాణానికి ముందే ఒక డోసు వేశారు. "ఇది దారి ఖర్చు, లెక్కలోకి రాదు. పన్నెండో నెలలో మళ్ళీ వెయ్యాల్సిందే," అన్నారు. మార్చిలో మళ్ళీ వేయించి విజయవాడకి ఫోను చేశాం. "మళ్ళీ పొడిచారా నా తల్లిని!" అని అత్తగారు ఫోను పాపకే ఇమ్మన్నారు.